కటకాల సానపట్టడంలో యంత్ర కంపనాలు

కటకాలు, దర్పణాలు, పట్టకాలు వంటి దృశా సాధనాలను గాజు నుండి తయారు చేసేటప్పుడు సానపట్టే యంత్రంలో కలిగే అదురును యంత్ర కంపనం అంటారు. ఈ కంపనం వలన గాజు ఉపరితలంపై కంటికి కనిపించని అలలు, గరుకుదనం, సూక్ష్మమైన పగుళ్ళు ఏర్పడతాయి. వీటిని ఉపరితల దోషాలు అంటారు. సానపట్టే దశలో పడిన దోషాలు మెరుగుపెట్టే దశలో పూర్తిగా తొలగిపోవు. గాజు అద్దంలా మెరుస్తున్నా, దోషం దాని మీద అల రూపంలోనో, దాని లోపల పగులు రూపంలోనో మిగిలి ఉండవచ్చు. అందువలన దూరదర్శినులు, సూక్ష్మదర్శినులు, కెమెరాలు, లేజరు పరికరాలు, రాత్రివేళ చూడటానికి ఉపయోగపడే సైనిక పరికరాల తయారీలో కంపన నియంత్రణకు ముఖ్య స్థానం ఉంది.

కావలసిన కచ్చితత్వం

కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు ఉంటుంది. ఒక మిల్లీమీటరులో పది లక్షవ వంతు ఒక నానోమీటరు. మంచి ప్రతిబింబం ఏర్పడాలంటే కటకం లేదా దర్పణం నుండి వెలువడే కాంతి తరంగం తన ఆదర్శ ఆకారం నుండి తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతుకు మించి తప్పుకోకూడదని ఒక పాత నియమం ఉంది. దీనిని రేలీ నియమం అంటారు.

దర్పణం విషయంలో ఈ నియమం మరింత కఠినమవుతుంది. దర్పణంపై ఒక గుంట ఉంటే కాంతి ఆ గుంటలోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదనపు దూరం ప్రయాణిస్తుంది. అందుచేత ఉపరితల దోషం కాంతి తరంగంలో రెట్టింపు అవుతుంది. 550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి దర్పణ ఉపరితలంపై అనుమతించదగిన దోషం సుమారు 69 నానోమీటర్లు మాత్రమే. సాధారణ గాజు కటకం ఉపరితలంలో దోషం కాంతి తరంగంలో దాదాపు సగానికి తగ్గుతుంది. కనుక కటకాలకు కొంత వెసులుబాటు ఉంటుంది.

ఈ కొలత ఎంత చిన్నదో ఒక పోలికతో గ్రహించవచ్చు. కడప జిల్లాలోని ఒంటిమిట్ట నుండి కడప నగరానికి దూరం సుమారు 25 కిలోమీటర్లు. 2.34 మీటర్ల వ్యాసం గల దూరదర్శిని దర్పణాన్ని ఒక అంచు ఒంటిమిట్టలో, మరొక అంచు కడపలో ఉండేంత పెద్దదిగా ఊహించుకుంటే, 50 నానోమీటర్ల దోషం అదే నిష్పత్తిలో పెరిగి సుమారు అర మిల్లీమీటరు అవుతుంది. అంటే అంత విశాలమైన పళ్ళెంలో ఎక్కడా అర మిల్లీమీటరుకు మించిన ఎత్తుపల్లాలు ఉండకూడదన్నమాట.

తయారీ దశలు

గాజు దిమ్మె నుండి దృశా ఉపరితలం మూడు ముఖ్య దశలలో తయారవుతుంది.

ఆకృతి కల్పన: వజ్రపు రేణువులు పొదిగిన గిన్నె ఆకారపు చక్రంతో గాజును వేగంగా చెక్కి, కావలసిన వంపును స్థూలంగా తెస్తారు. చక్రం నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. గాజు నెమ్మదిగా తిరుగుతుంది.

సన్నని సాన: కార్బొరండం లేదా అల్యూమినా పొడిని నీటితో కలిపి, గాజుకూ లోహపు సాధనానికీ మధ్య వేసి రుద్దుతారు. ముతక పొడితో మొదలుపెట్టి క్రమంగా సన్నని పొడికి మారతారు. తిరగలిలోని రెండు రాళ్ళు ఒకదానినొకటి అరగదీసినట్లే, ఇక్కడ గాజు, సాధనం పరస్పరం అరుగుతాయి. అన్ని దిశలలోనూ కలిసిమెలిసి రుద్దితే ఒకటి పుటాకారంగాను, మరొకటి కుంభాకారంగాను మారి, రెండూ గోళాకార తలాలవుతాయి.

మెరుగుపెట్టడం: పిచ్ అనే తారు వంటి మెత్తని పదార్థం పూసిన సాధనంతో, సీరియం ఆక్సైడు పొడిని నీటిలో కలిపి రుద్దుతారు. ఈ దశలో గంటకు ఒక మైక్రోమీటరు స్థాయిలో మాత్రమే గాజు తొలగుతుంది.

బేతంచర్ల ప్రాంతపు పాలిష్ కర్మాగారాలలో నాపరాళ్ళను నునుపు చేసేటప్పుడు కూడా ముతక రాయి నుండి సన్నని రాయికి ఇదే క్రమంలో మారతారు. అక్కడ ముందరి రాయి వేసిన గీతలు పూర్తిగా పోకముందే తరువాతి రాయికి మారితే, పాలిష్ వచ్చిన తరువాత కూడా ఆ గీతలు వెలుతురులో కనిపిస్తాయి. గాజు విషయంలోనూ సూత్రం ఇదే. తేడా కొలతలో ఉంది. నేలపై పరిచే బండకు కంటి చూపే ప్రమాణం. కటకానికి కాంతి తరంగం ప్రమాణం.

మెరుగుపెట్టే దశలో ఎంత గాజు తొలగుతుందో 1927లో ఎఫ్. డబ్ల్యు. ప్రెస్టన్ ఒక సూత్రంగా చెప్పాడు. తొలగే రేటు పీడనానికి, సాపేక్ష వేగానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఆ సూత్రం సారాంశం. సాన దశలో పడిన దోషం 20 మైక్రోమీటర్ల లోతున ఉంటే, దానిని మెరుగుపెట్టడం ద్వారానే తొలగించడానికి పదుల గంటలు పట్టవచ్చు. అంతసేపు మెరుగుపెడితే అంచులు వాలిపోయి అసలు వంపే చెడిపోయే ప్రమాదం ఉంది.

కంపనాల రకాలు

భౌతికశాస్త్రంలో చెప్పుకునే మూడు రకాల కంపనాలూ సాన యంత్రాలలో కనిపిస్తాయి.

సహజ కంపనాలు: యంత్రానికి ఒక దెబ్బ తగిలినప్పుడు అది తన సహజ పౌనఃపున్యంతో కొంతసేపు కంపించి ఆగిపోతుంది. సాధనం గాజును మొదటిసారి తాకినప్పుడు, బల్ల దిశ మార్చుకున్నప్పుడు ఇవి కలుగుతాయి.

బలాత్కృత కంపనాలు: బయటి నుండి క్రమం తప్పకుండా వచ్చే బలం వలన ఇవి కలుగుతాయి. చక్రం బరువు అన్ని వైపులా సమానంగా లేకపోవడం, అరిగిన బేరింగులు, బెల్టుల అతుకులు, మోటార్లు, నీటి పంపులు ఇందుకు కారణాలు. నేల ద్వారా వచ్చే అదురు కూడా ఈ కోవలోనిదే. రేణిగుంట - గుంతకల్లు రైలుమార్గంలోని ఒంటిమిట్ట వంటి చిన్న స్టేషనులో సరకు రైలు ఆగకుండా పోయేటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలుచున్నవారి పాదాలకు అదురు తెలుస్తుంది. పాదానికి తెలియనంత దూరంలో కూడా ఆ అదురు నేలలో ఉంటుంది. నానోమీటర్లలో పనిచేసే యంత్రానికి, పరీక్షా పరికరానికి అది చాలు.

స్వయంప్రేరిత కంపనాలు: వీటికి బయటి కారణం అక్కరలేదు. కోత ప్రక్రియే కంపనానికి శక్తిని అందిస్తుంది. చక్రం ఒక చుట్టులో గాజుపై చిన్న అలను వదిలితే, తరువాతి చుట్టులో అదే అల మీదుగా పోతూ ఎగిరిపడి, దానిని మరింత పెంచుతుంది. మట్టిరోడ్డుపై బస్సులు తిరిగే కొద్దీ అడ్డంగా వరుస గట్లు ఏర్పడటం ఇటువంటిదే. మొదటి చిన్న గట్టు వద్ద ఎగిరిన చక్రం కొంత దూరంలో పడి మరొక గుంట చేస్తుంది. ఆ గుంట తరువాతి బండిని ఎగరేస్తుంది. లోహపు పనిలో ఈ సమస్య చాలా కష్టమైనదని 1907లోనే ఎఫ్. డబ్ల్యు. టేలర్ గుర్తించాడు. గత చుట్టు వదిలిన అల తరువాతి చుట్టును ప్రభావితం చేస్తుందన్న వివరణ 1950వ దశకం నుండి టోబియాస్, ట్లుస్టీ మొదలైన పరిశోధకుల కృషితో స్థిరపడింది.

పొడితో రుద్దే సన్నని సానలో వేగం తక్కువ కాబట్టి చక్రం అసమతుల్యత సమస్య అంతగా ఉండదు. కాని నీరు ఆరిపోతే సాధనం గాజుకు అతుక్కుని, జారి, మళ్ళీ అతుక్కుంటూ కిర్రుమని శబ్దం చేస్తుంది. ఇది కూడా స్వయంప్రేరిత కంపనమే. ఇటువంటి ఒక్క క్షణం గాజుపై లోతైన గీతను మిగల్చగలదు.

అసమతుల్యత బలం

తిరిగే చక్రంలో ఒక పక్కన బరువు ఎక్కువగా ఉంటే అపకేంద్ర బలం కలుగుతుంది. దానిని ఈ విధంగా లెక్కిస్తారు:

బలం = అదనపు ద్రవ్యరాశి × కేంద్రం నుండి దూరం × కోణీయ వేగం × కోణీయ వేగం

ఉదాహరణకు, కేంద్రం నుండి 50 మిల్లీమీటర్ల దూరంలో 1 గ్రాము అదనపు బరువు ఉన్న చక్రం నిమిషానికి 6000 చుట్లు తిరిగితే కలిగే బలం సుమారు 20 న్యూటన్లు. ఇది 2 కిలోగ్రాముల బరువుతో సమానం. ఈ బలం సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటూ స్పిండిల్‌ను అటూ ఇటూ లాగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే బలం నాలుగవ వంతుకు, అంటే సుమారు 5 న్యూటన్లకు తగ్గుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. బట్టలు ఒక పక్కకు చేరిన వాషింగ్ మెషీన్ నెమ్మదిగా తిరిగినంతసేపు ఊరుకుని, వేగం అందుకోగానే గదంతా అదరడానికి కారణం ఇదే.

ఈ పౌనఃపున్యం యంత్రం సహజ పౌనఃపున్యానికి దగ్గరైతే అనునాదం ఏర్పడి, చిన్న బలమే పెద్ద కంపనాన్ని కలిగిస్తుంది.

కంపనం గాజుపై ముద్రపడే విధానం

చక్రం పైకీ కిందికీ కంపిస్తుండగా దాని కింద గాజు కదులుతుంటే, గాజుపై అలల వరుస ఏర్పడుతుంది. రెండు అలల మధ్య దూరం, గాజు కదిలే వేగాన్ని కంపన పౌనఃపున్యంతో భాగించగా వచ్చే విలువ.

100 మిల్లీమీటర్ల వ్యాసం గల గాజు నిమిషానికి 30 చుట్లు తిరుగుతుందని, చక్రం నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుందని అనుకుందాం. గాజు ఒక చుట్టు తిరిగేలోగా చక్రం 200 చుట్లు తిరుగుతుంది. కనుక గాజు అంచు చుట్టూ 200 అలలు ఏర్పడతాయి. అంచు చుట్టుకొలత సుమారు 314 మిల్లీమీటర్లు. అంటే ప్రతి 1.57 మిల్లీమీటర్లకు ఒక అల. కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ గాజు వేగం తగ్గి అలలు దగ్గర దగ్గరగా వస్తాయి.

ఇక్కడ రెండు వేగాల నిష్పత్తి సరిగా 200 కావడం వలన ప్రతి చుట్టులోనూ అల అదే చోట పడుతుంది. అలలు బండిచక్రపు ఆకుల వలె కేంద్రం నుండి అంచుకు వ్యాపించిన గీతలుగా స్థిరపడతాయి. గాజు వేగాన్ని నిమిషానికి 30 నుండి 29.925 చుట్లకు మారిస్తే నిష్పత్తి 200.5 అవుతుంది. అప్పుడు ఒక చుట్టులో శిఖరం పడిన చోట తరువాతి చుట్టులో గుంట పడుతుంది. శిఖరాలు కోతకు గురై అల ఎత్తు తగ్గుతుంది. కంపనం అంతే ఉన్నా, వేగంలో వెయ్యింటికి మూడు వంతులకన్నా తక్కువ మార్పుతో ఉపరితలం మెరుగుపడుతుంది. అందువలన రెండు వేగాల నిష్పత్తి పూర్ణసంఖ్య కాకుండా చూడటం సాన యంత్రాల వాడకంలో ఒక ముఖ్య నియమం.

ఉపరితల దోషాల వర్గీకరణ

దోషాలను వాటి వెడల్పును బట్టి విభజిస్తారు.

ఆకార దోషం: గాజు మొత్తం వంపులో వచ్చే తేడా. దీని వెడల్పు గాజు వ్యాసంతో పోల్చదగినదిగా ఉంటుంది. గాజు వేడెక్కడం, బిగింపులో వంగడం, యంత్రపు అమరికలో లోపం దీనికి ముఖ్య కారణాలు.

అలలు: సుమారు మిల్లీమీటరు నుండి కొన్ని సెంటీమీటర్ల వెడల్పు గల దోషాలు. యంత్ర కంపనాలు ముఖ్యంగా ఈ వర్గంలో ముద్ర వేస్తాయి.

గరుకుదనం: మిల్లీమీటరు కంటే బాగా చిన్నవైన ఎత్తుపల్లాలు. సాన పొడి రేణువుల పరిమాణం, మెరుగుపెట్టే పద్ధతి దీనిని నిర్ణయిస్తాయి.

ఉపరితలం కింది పగుళ్ళు: బయటకు కనిపించకుండా గాజు లోపలికి వ్యాపించే పగుళ్ళు.

కాంతిపై ప్రభావం

ఆకార దోషం ప్రతిబింబాన్ని మసకబారుస్తుంది లేదా వికృతం చేస్తుంది. గరుకుదనం కాంతిని అన్ని వైపులకూ వెదజల్లుతుంది. దర్పణంపై సగటు గరుకుదనం 1 నానోమీటరు ఉంటే, ఎరుపు రంగు హీలియం-నియాన్ లేజరు కాంతిలో సుమారు 0.04 శాతం మాత్రమే చెదురుతుంది. 5 నానోమీటర్లైతే సుమారు 1 శాతం, 10 నానోమీటర్లైతే దాదాపు 4 శాతం చెదురుతుంది. గరుకుదనం రెట్టింపైతే చెదిరే కాంతి నాలుగు రెట్లవుతుంది.

అలల ప్రభావం వేరు. సమాన దూరంలో ఉన్న అలల వరుస వివర్తన జాలకం వలె పనిచేస్తుంది. పైన లెక్కించిన 1.57 మిల్లీమీటర్ల అలలు దర్పణంపై ఉంటే, ఆకుపచ్చ కాంతిలో నక్షత్రపు ప్రతిబింబానికి ఇరువైపులా సుమారు 72 ఆర్క్ సెకన్ల దూరంలో నకిలీ ప్రతిబింబాలు ఏర్పడతాయి. ఆకాశంలో గురుగ్రహం కనిపించే పరిమాణం 50 ఆర్క్ సెకన్లకు మించదు కాబట్టి, ఈ దూరం దాని కంటే ఎక్కువ. అల మధ్య రేఖ నుండి 10 నానోమీటర్ల ఎత్తు మాత్రమే ఉన్నా, ఇరువైపులా ఒక్కొక్క నకిలీ ప్రతిబింబంలోకి సుమారు 1.3 శాతం కాంతి పోతుంది. ప్రకాశవంతమైన నక్షత్రం పక్కన ఉన్న మసక నక్షత్రాన్ని పరిశీలించేవారికి ఈ నకిలీ కాంతి నిజమైన వస్తువుగా భ్రమ కలిగించవచ్చు. లేదా నిజమైన వస్తువును కప్పివేయవచ్చు.

అధిక శక్తి లేజర్లలో ప్రమాదం మరింత ఎక్కువ. అలల వలన కాంతి పుంజంలో కొన్ని చోట్ల తీవ్రత పెరిగి, తరువాత వచ్చే గాజు భాగాలను కాల్చివేయగలదు. అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ లేజరు కోసం తయారు చేసిన గాజు భాగాలకు ఆకారం, గరుకుదనాలతో పాటు అలలకు కూడా విడిగా పరిమితులు నిర్ణయించింది ఇందుకే.

ఉపరితలం కింది పగుళ్ళు

గాజు పెళుసైన పదార్థం. అయినప్పటికీ చాలా పలుచని పొరగా కోస్తే అది పగలకుండా లోహం వలె లేస్తుంది. ఈ హద్దు లోతు సాధారణ దృశా గాజులకు పదుల నానోమీటర్ల స్థాయిలో ఉంటుంది. అది దాటితే గాజులో పగుళ్ళు పుడతాయి. హద్దు ఇంత చిన్నది కావడం వలన, కొన్ని పదుల నానోమీటర్ల కంపనం కూడా రేణువు కోత లోతును క్షణకాలం పాటు హద్దు దాటించగలదు. సగటు లోతు సరిగానే ఉన్నా, కంపించిన ప్రతిసారీ పగులు పడుతుంది.

పగుళ్ళ లోతు సాధారణంగా ఉపరితలపు గరుకుదనానికి కొన్ని రెట్లు ఉంటుంది. మెరుగుపెట్టినప్పుడు పై పొర సర్దుకుని ఈ పగుళ్ళ నోళ్ళు మూసుకుపోతాయి. గాజు నిర్దోషంగా కనిపిస్తుంది. కాని లేజరు కాంతి పడినప్పుడు, ఉష్ణోగ్రత మారినప్పుడు, అంతరిక్ష ప్రయోగపు కుదుపులలో ఈ పగుళ్ళు పెరిగి గాజు విరిగిపోవచ్చు.

గుర్తించే పద్ధతులు

యంత్రంపై: స్పిండిల్ పైన, బల్ల పైన త్వరణ మాపకాలను అమర్చి కంపనాన్ని నమోదు చేస్తారు. ఆ సంకేతాన్ని ఫోరియర్ విశ్లేషణ ద్వారా పౌనఃపున్యాలుగా విడదీస్తారు. చక్రం వేగంతో సమానమైన పౌనఃపున్యం కనిపిస్తే కారణం సాధారణంగా అసమతుల్యత. చక్రం వేగంతో సంబంధం లేకుండా, యంత్రం సహజ పౌనఃపున్యానికి దగ్గరగా కనిపిస్తే స్వయంప్రేరిత కంపనంగా అనుమానించాలి. యంత్రం ఆపివేసినా మిగిలేది నేల నుండి వచ్చేది.

గాజుపై: నమూనా గాజుతో కలిపి చూసే న్యూటన్ వలయాల పద్ధతి పురాతనమైనది. లేజరు వ్యతికరణ మాపకంలో ఒక పట్టీకి తరువాతి పట్టీకి మధ్య ఎత్తు తేడా తరంగదైర్ఘ్యంలో సగం, అంటే హీలియం-నియాన్ లేజరుకు సుమారు 316 నానోమీటర్లు. 1858లో లియోన్ ఫూకో రూపొందించిన కత్తి అంచు పరీక్షలో, నాభి వద్ద కత్తి అంచును అడ్డుపెట్టినప్పుడు దర్పణంపై దోషాలు కొండలు, లోయల నీడలుగా కనిపిస్తాయి. కంపనపు అలలు ఈ పరీక్షలో చక్రపు ఆకుల వలె లేదా సుడి వలె కనిపిస్తాయి. ఆకుల సంఖ్యను లెక్కపెట్టి గాజు వేగంతో గుణిస్తే, ఏ వేగంతో తిరిగే భాగం ఆ దోషానికి కారణమో తెలుస్తుంది. పై ఉదాహరణలో 200 ఆకులను 30తో గుణిస్తే 6000 వస్తుంది. అది చక్రం వేగమే. ఈ విధంగా గాజే యంత్రపు లోపాన్ని చెప్పగలదు.

నివారణ

* చక్రాన్ని, స్పిండిల్‌ను కలిపి సమతుల్యం చేయడం. చక్రం మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి.
* చక్రపు ముఖాన్ని తరచుగా చెక్కి గుండ్రంగా, పదునుగా ఉంచడం.
* గాలి లేదా నూనె పీడనంపై తేలే బేరింగులను వాడటం. వీటిలో లోహానికి లోహం తగలదు.
* యంత్రపు పునాదిని పోత ఇనుము, గ్రానైటు, లేదా గ్రానైటు పలుకులు కలిపిన ఎపాక్సీతో తయారు చేయడం. పోత ఇనుములోని గ్రాఫైటు పలుకులు కంపన శక్తిని పీల్చుకుంటాయి.
* యంత్రాన్ని భవనపు నేల నుండి విడదీసిన ప్రత్యేక కాంక్రీటు దిమ్మెపై నిలపడం. పంపులు, కంప్రెసర్లను వేరే గదిలో ఉంచడం.
* కోత చివరి దశలో సాధనాన్ని ముందుకు నెట్టకుండా కొన్ని చుట్లు తిరగనివ్వడం. దీనివలన వంగిన భాగాలు సర్దుకుని మిగిలిన శిఖరాలు తొలగుతాయి.
* చక్రం వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ ఉండటం. దీనివలన స్వయంప్రేరిత కంపనం పెరగడానికి వీలుండదు.

యంత్రం కింద రబ్బరు దిండ్లు వేయడం సర్వరోగ నివారిణి కాదు. దిండ్లపై నిలిచిన యంత్రపు సహజ పౌనఃపున్యానికి సుమారు 1.4 రెట్ల పైన ఉన్న కంపనాలను మాత్రమే అవి తగ్గిస్తాయి. అంతకన్నా తక్కువ పౌనఃపున్యం గల కంపనాలను తగ్గించకపోగా పెంచుతాయి. దిండ్లు బయటి కంపనాన్ని ఆపగలవే గాని, యంత్రంలోనే పుట్టిన కంపనాన్ని ఆపలేవు.

సరిదిద్దే పద్ధతులు, వాటి పరిమితులు

పిచ్ పూసిన పెద్ద, గట్టి సాధనం అలల శిఖరాలను మాత్రమే తాకుతుంది. కనుక శిఖరాలు ముందుగా అరిగి అలలు చదునవుతాయి. గోళాకార తలాలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. గోళం ఎక్కడైనా ఒకే వంపు కలిగి ఉండటం వలన సాధనం ఎటు జరిగినా సరిగా కూర్చుంటుంది. గోళాకారం కాని తలాలలో వంపు చోటును బట్టి మారుతుంది. అక్కడ పెద్ద గట్టి సాధనం కూర్చోదు. చిన్న లేదా మెత్తని సాధనం వాడవలసి వస్తుంది. మెత్తని సాధనం అలల వెంబడే వంగి, శిఖరాన్నీ లోయనూ సమానంగా అరగదీస్తుంది. అందువలన అల అలాగే మిగులుతుంది.

కంప్యూటరు నియంత్రణతో చిన్న సాధనాన్ని నడిపే పద్ధతి, 1990వ దశకంలో అభివృద్ధి చెందిన అయస్కాంత ద్రవ పద్ధతి, అయాన్ పుంజ పద్ధతి ఆకార దోషాలను చక్కగా సరిచేస్తాయి. కాని సాధనం వెడల్పు కంటే చిన్న అలలను తొలగించడం వీటికి కష్టం. పైగా చిన్న సాధనం వరుస గీతలలో నడిస్తే కొత్త అలలను వదలవచ్చు. దీనిని తప్పించడానికి సాధనాన్ని క్రమం లేని మార్గంలో నడుపుతారు.

తెలుగు నేలపైనా, పరిసరాలలోనూ

1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాలలోని 15 అంగుళాల దూరదర్శిని గ్రబ్ సంస్థ తయారీ. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్ - రంగాపూర్ వేధశాలలో 1968లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని అమెరికా నుండి వచ్చింది. ఆ కాలంలో పెద్ద దర్పణాలకు విదేశాలపై ఆధారపడవలసి వచ్చేది.

హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు (1927 - 1982) ఈ స్థితిని మార్చడానికి పూనుకున్నాడు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవాడు. బప్పు నాయకత్వంలో భారత ఖగోళ భౌతిక సంస్థ 2.34 మీటర్ల దూరదర్శినిని దేశంలోనే నిర్మించే పని చేపట్టింది. దర్పణానికి కావలసిన జీరోడర్ దిమ్మె జర్మనీ నుండి వచ్చింది. ఉష్ణోగ్రత మారినా వ్యాకోచం దాదాపు లేని గాజు-పింగాణీ పదార్థమిది. దానిని సానపట్టి మెరుగుపెట్టే పని బెంగళూరులోని ఆ సంస్థ ప్రయోగశాలలో జరిగింది.

ఈ దర్పణపు నాభ్యంతరం వ్యాసానికి 3.25 రెట్లు. లెక్క ప్రకారం దాని మధ్య లోతు సుమారు 45 మిల్లీమీటర్లు. కేంద్రం వద్ద అదే వంపు గల గోళంతో పోలిస్తే, పరావలయాకారపు దర్పణం అంచు వద్ద సుమారు 67 మైక్రోమీటర్ల తేడా కలిగి ఉంటుంది. ఇది తల వెంట్రుక మందమంత. ఈ స్వల్ప తేడాను, అల పుట్టకుండా, దాదాపు వెయ్యవ వంతు కచ్చితత్వంతో తేవడమే ఇటువంటి పనిలోని అసలు కష్టం. దూరదర్శిని తమిళనాడులోని జవ్వాది కొండలలో ఉన్న కావలూరులో 1985 నవంబరులో తొలి కాంతిని చూసింది. 1986 జనవరి 6న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ దానికి వేణు బప్పు పేరు పెట్టి ప్రారంభించాడు. అది పూర్తికాక మునుపే, 1982 ఆగస్టు 19న బప్పు మ్యూనిక్‌లో మరణించాడు.

అదే సంస్థ బెంగళూరు సమీపంలోని హోస్కోటెలో 30 మీటర్ల అంతర్జాతీయ దూరదర్శిని దర్పణ ఖండాలను మెరుగుపెట్టే కేంద్రాన్ని 2020లో ఏర్పాటు చేసింది. ఆ దూరదర్శిని ముఖ్య దర్పణంలో 492 ఖండాలు ఉండాలని ప్రణాళిక. ఇక్కడ గాజు ఖండాన్ని లెక్కించిన బలాలతో వంచి పట్టి, ఆ స్థితిలో గోళాకారంగా మెరుగుపెడతారు. బలాలను వదలగానే గాజు తిరిగి లేచి, కావలసిన గోళేతర ఆకారాన్ని పొందుతుంది. దీని ప్రయోజనం పైన చెప్పిన సూత్రంలోనే ఉంది. గోళాన్ని మెరుగుపెట్టేటప్పుడు పెద్ద గట్టి సాధనం వాడవచ్చు. కనుక అలలు మిగలవు.

ఆంధ్రప్రదేశ్‌లో దృశా పరికరాల తయారీకి మచిలీపట్నం పాత కేంద్రం. అక్కడ 1926లో స్థాపించబడిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తనలో కలుపుకుంది. ఆ యూనిట్ సైన్యానికి అవసరమైన రాత్రి దృష్టి పరికరాలు, ఇతర దృశా పరికరాలను తయారు చేస్తున్నది. కృష్ణా జిల్లా నిమ్మలూరులో ఆ సంస్థ నిర్మించిన అధునాతన రాత్రి దృష్టి పరికరాల కర్మాగారాన్ని 2025 అక్టోబరు 16న కర్నూలులో జరిగిన కార్యక్రమంలో ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశాడు. రాత్రి దృష్టి పరికరంలో కాంతి సహజంగానే చాలా తక్కువ. ఒక వీధి దీపపు కాంతి కటకాలలో చెదిరితే, పక్కనున్న చీకటి దృశ్యం కనపడకుండా పోతుంది. అందుచేత అలలు, గరుకుదనం లేని కటకాలు ఇటువంటి పరికరాలకు చాలా అవసరం.

హబుల్ దర్పణం నేర్పిన పాఠం

కంపనాలను అదుపు చేసినంత మాత్రాన ఉపరితలం సరైనదని చెప్పలేము. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ దూరదర్శిని 2.4 మీటర్ల దర్పణం ఎంతో నునుపైనది. కాని దాని అంచు సుమారు 2.2 మైక్రోమీటర్లు ఎక్కువగా అరిగిపోయింది. పరీక్షా పరికరంలో ఒక కటకం తన సరైన స్థానం నుండి 1.3 మిల్లీమీటర్లు తప్పి అమరడం ఇందుకు కారణం. తప్పు కొలతను నమ్మి, యంత్రం తప్పు ఆకారాన్నే అతి కచ్చితంగా తెచ్చింది. ఆకారం మొత్తంగా తప్పింది కాబట్టి ఎంత తప్పిందో లెక్కించి, 1993 డిసెంబరులో వ్యోమగాములు సవరణ దర్పణాలు గల పరికరాలను అమర్చి దృష్టిని సరిచేయగలిగారు. దర్పణమంతటా చెదిరిన సన్నని అలలు లేదా లోపలి పగుళ్ళు అయి ఉంటే ఇటువంటి సవరణకు అవకాశం ఉండేది కాదు. వాటిని సాన యంత్రం వద్దనే ఆపవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* కటకం
* దూరదర్శిని
* అనునాదం
* వివర్తనం
* వేణు బప్పు
* నిజామియా వేధశాల